శిక్ష పడింది సరే, నా సొమ్మేదీ?

(ఒడిశాలోని రాయగడలో తెలుగువారు కలిసి పెట్టుకున్న సభలో ఒక సీనియర్ న్యాయవాది ప్రసంగం. రికార్డింగు విని రాసుకున్న పాఠం. చివర్లో సభికుల ప్రశ్నలు కొన్ని.)

పెద్దలందరికీ, అమ్మలకీ నమస్కారం. మైకు వెనకదాకా వినిపిస్తోందా? సరే.

"మీకు తోచిన విషయం మాట్లాడండి లాయరు గారూ" అన్నారు పిలిచినవాళ్ళు. మా కోర్టు వరండాలో తరచూ వినపడే ప్రశ్న ఒకటుంది. ఓడిపోయినవాళ్ళు కాదు, గెలిచినవాళ్ళే అడుగుతారు. "దొంగకి శిక్ష పడింది కదా బాబూ, నా గొలుసు ఎప్పుడిస్తారు?" "అప్పీల్లో మనమే గెలిచాం కదండీ, కొట్టు తాళాలు ఎవరిస్తారు?" తీర్పు కాపీ చేతిలో ఉంటుంది. గొలుసు స్టేషను మాల్‌ఖానాలో, అంటే పట్టుకున్న సొత్తు దాచే గదిలో, ఉంటుంది, తాళాలు అవతలివాడి మొలతాడుకి ఉంటాయి. ఈ రెంటి మధ్య దూరం గురించే ఇవాళ చెబుతాను.

పోయినది వెనక్కి ఇప్పించడాన్ని కోర్టు భాషలో రిస్టిట్యూషన్ అంటారు, తిరిగి అప్పగింత. ఆ మాట వినగానే వెనక వరస కుర్రాళ్ళు నవ్వుతున్నారు, కాపురం కేసు గుర్తొచ్చి ఉంటుంది. విడిగా ఉంటున్న భార్యనో భర్తనో తిరిగి కాపురానికి రమ్మని వేసే కేసు, అది హిందూ వివాహ చట్టం 9వ సెక్షను. 1983లో టి. సరిత కేసులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు జడ్జి పి.ఎ. చౌదరి గారు ఆ సెక్షనే చెల్లదన్నారు. మరుసటి ఏడాది సుప్రీంకోర్టు చెల్లుతుందంది. భర్తల్నీ భార్యల్నీ వెనక్కి తెచ్చుకోవడానికి ఇంకో సభ పెట్టుకుందాం. (నవ్వులు) ఇవాళ డబ్బు, వస్తువు, భూమి మాత్రమే.

ముందు ఒక తేడా పట్టుకోండి, తర్వాతంతా సులువు. నష్టపరిహారం అడిగినప్పుడు కోర్టు మీ వైపు చూస్తుంది, మీకు ఎంత పోయిందని. తిరిగి అప్పగింత అడిగినప్పుడు అవతలివాడి వైపు చూస్తుంది, అతని దగ్గర ఎంత చేరింది, అది అతని దగ్గర ఉండటానికి కారణమేమైనా ఉందా అని. అతను మోసం చేశాడా లేదా అన్నది కొన్నిసార్లు అడగనే అడగదు. చాలామందికి ఎక్కనిది ఇక్కడే. "నేనేం దొంగతనం చెయ్యలేదే, నేనెందుకు తిరిగివ్వాలి?" అంటారు. దొంగతనం చెయ్యకపోయినా ఇవ్వాల్సి రావచ్చు. కోర్టు ఉత్తర్వు చూపించి, ఉత్తర్వు అమలు చేసే కోర్టు అమీనుని వెంటబెట్టుకుని, డప్పు కొట్టించి స్వాధీనం చేసుకున్నదైనా సరే, ఆ ఉత్తర్వు పోయిన రోజున వెనక్కి ఇవ్వాల్సిందే.

ఆ చివరి మాట దగ్గరే మొదలుపెడతాను. సివిల్ ప్రొసీజర్ కోడు 144వ సెక్షను. బజారులో ఒక కొట్టు అనుకోండి. సొంతదారుణ్ణి నేనేనని ఒకాయన దావా వేశాడు, కింది కోర్టులో గెలిచాడు, డిక్రీ, అంటే ఆ గెలుపు రాసిన కోర్టు ఉత్తర్వు, అమలు చేయించుకుని కొట్లో కూర్చున్నాడు. ఖాళీ చేసిన ఆయన అప్పీలుకి వెళ్ళాడు. నాలుగేళ్ళో ఐదేళ్ళో పట్టింది. అప్పీల్లో డిక్రీ కొట్టేశారు. ఇప్పుడు కొట్టు దానంతట అది రాదు. అప్పీలు కోర్టు జడ్జి గారు తాళాలు తెప్పించి ఇవ్వరు. మళ్ళీ కొత్త దావా వెయ్యాలేమోనని భయపడి మానుకున్నవాళ్ళు ఉన్నారు. కొత్త దావా అక్కర్లేదు, వెయ్యకూడదు కూడా. ఆ సెక్షనులోనే ఆ మాట ఉంది. మొదట డిక్రీ ఇచ్చిన కోర్టులో ఒక దరఖాస్తు పెట్టుకుంటే చాలు. ఆ డిక్రీయే రాకపోయి ఉంటే మీరు ఏ స్థితిలో ఉండేవారో ఆ స్థితికి మిమ్మల్ని తేవాల్సిన బాధ్యత కోర్టుది. కొట్టు ఒక్కటే కాదు, ఈ మధ్యకాలంలో ఆయన తిన్న అద్దె, దాని మీద వడ్డీ, మీరు కట్టిన కోర్టు ఖర్చులు, అన్నీ అందులోనే అడగొచ్చు. పొలమైతే ఆ ఏళ్ళ పంట లెక్క. ఆయన ఎంత పండించాడన్నది ఒక్కటే చూడరు, మామూలు శ్రద్ధ పెడితే ఎంత పండేదో అదీ చూస్తారు. పత్తి చేను బీడు పెట్టి "ఏమీ రాలేదండీ" అంటే కుదరదు. ఆయన సొంత ఖర్చుతో బోరు వేసి పెంచుకున్న రాబడి మాత్రం ఆయనదే.

దీనికి గడువు 12 ఏళ్ళు, డిక్రీ అమలు దరఖాస్తుకి ఉన్నంత. అంత టైముంది కదా అని కూర్చోకండి. ఈలోగా కొట్టు చేతులు మారుతుంది.

చేతులు మారితే ఏమిటి? ఇది చాలా పాత తగాదా. డిక్రీదారు, అంటే డిక్రీ గెలిచినవాడు, కోర్టు వేలంలో ఆస్తిని తనే పాడుకుని ఉంటే డిక్రీ పోగానే ఆస్తి వదులుకోవాల్సిందే. బయటివాడెవరో, కేసుతో సంబంధం లేనివాడు, కోర్టు వేలంలో నమ్మకంగా పాడుకుని ఉంటే మాత్రం అతని జోలికి పోరు. మీకు ఆస్తి రాదు, డబ్బు రూపంలోనే తేల్చుకోవాలి. బ్రిటిషు కాలంలో మనకి ఆఖరి అప్పీలు కోర్టయిన ప్రివీ కౌన్సిల్ 1887లోనే ఈ గీత గీసింది. బయటివాణ్ణి కూడా లాగితే రేపు కోర్టు వేలానికి ఎవడూ రాడు కదా, అదీ కారణం.

మన ఒడిశా నుంచి వెళ్ళిన కేసు ఒకటి చెప్పకుండా ఉండలేను. వినాయక్ స్వైన్ వర్సెస్ రమేశ్ చంద్ర పాణిగ్రాహి, 1966 సుప్రీంకోర్టు. కింది కోర్టు డిక్రీ ఇచ్చింది. అప్పీలు నడుస్తుండగానే డిక్రీదారు అమలు చేయించుకుని, అవతలివాడి ఆస్తిని వేలంలో తనే పాడుకున్నాడు. తర్వాత అప్పీలు కోర్టు డిక్రీ కొట్టేసి కేసుని మళ్ళీ విచారణకి పంపింది. మళ్ళీ విచారించాక మళ్ళీ ఆయనే గెలిచాడు! ఇక ఏముంది, చివరికి నేనే గెలిచాను కాబట్టి పాత వేలం సరైనదే అన్నాడు. సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. ఆ వేలం నిలబడింది మొదటి డిక్రీ మీద. ఆ డిక్రీ పోయింది, దానితో వేలమూ పోయింది. కొత్త డిక్రీ వెనక్కి వెళ్ళి పాత వేలానికి ప్రాణం పొయ్యదు. ముందు ఆస్తి తిరిగివ్వు, ఆ తర్వాత కొత్త డిక్రీ ప్రకారం నీకు రావలసింది వసూలు చేసుకో. నాకు ఈ తీర్పంటే చాలా ఇష్టం. చివరికి ఎవరు గెలిచారన్నదానికన్నా, ఆ రోజున ఏ కాగితం బలం మీద లాక్కున్నావన్నది చూసింది.

స్టే తెచ్చుకుని ఊరంతా స్వీట్లు పంచేవాళ్ళకి కూడా ఒక మాట. 2003లో సౌత్ ఈస్టర్న్ కోల్‌ఫీల్డ్స్ కేసు. బొగ్గు మీద పెంచిన రాయల్టీ కట్టకుండా మధ్యంతర ఉత్తర్వులు వచ్చాయి. చివరికి కట్టాల్సిందేనని తేలింది. అసలు కడతాం గానీ ఇన్నాళ్ళ వడ్డీ మాకేం సంబంధం, కోర్టే కదా ఆపమంది, అన్నారు. కోర్టు ఆపింది నిజమే, ఆ ఆగిన కాలంలో లాభపడింది నువ్వు, కాబట్టి వడ్డీ నువ్వే కట్టు అంది సుప్రీంకోర్టు. కోర్టు చేసిన పని వల్ల ఎవరూ నష్టపోకూడదన్నది పాత సూత్రం.

మన సరిహద్దువాళ్ళకి ఇక్కడో చిక్కుంది. పార్వతీపురం కోర్టులో డిక్రీ వచ్చింది, అవతలివాడి రైసు మిల్లు రాయగడలో ఉంది. పార్వతీపురం డిక్రీ పట్టుకుని తిన్నగా ఇక్కడి కోర్టుకి వస్తే పనవదు. సివిల్ ప్రొసీజర్ కోడు 39వ సెక్షను కింద ఆ కోర్టే డిక్రీని ఇక్కడికి బదిలీ చెయ్యాలి, ఎంత వసూలైంది, ఎంత వసూలు కాలేదన్న సర్టిఫికెట్టుతో సహా. అలాగే ఆ డిక్రీ అప్పీల్లో పోతే, 144 కింద దరఖాస్తు మళ్ళీ పార్వతీపురంలోనే పెట్టాలి. మిల్లు ఇక్కడుంది కదా అని ఇక్కడ పెడితే నెలలు వృథా. రైలెక్కడం మనకి ఎలాగూ అలవాటే.

ఇప్పుడు కోర్టు గుమ్మం ఎక్కకముందే పుట్టే బాకీలు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 68 నుంచి 72 దాకా సెక్షన్లు. ఇద్దరి మధ్య ఒప్పందం లేకపోయినా బాకీ ఉన్నట్టే లెక్క. ఇక్కడ కాంట్రాక్టర్లు చాలామంది ఉన్నారు కాబట్టి 70వ సెక్షను ఒక్కటే చెబుతాను. ఆఫీసరు నోటిమాట మీద గోడ కట్టేస్తారు, షెడ్డు వేసేస్తారు. ఆఫీసరు బదిలీ అయిపోతాడు. కొత్తాయన "ఫైల్లో అగ్రిమెంటు లేదే" అంటాడు. బి.కె. మండల్ కేసు, 1962, సుప్రీంకోర్టు. బెంగాల్ సివిల్ సప్లయిస్ శాఖకి గోదాములు, రోడ్డు కట్టారు. ప్రభుత్వంతో కాంట్రాక్టు ఎలా ఉండాలని చట్టం చెప్పిందో అలా లేదు. అయినా డబ్బు ఇవ్వాల్సిందే అన్నారు. మూడు విషయాలు చూస్తారు. చేసిన పని చట్టబద్ధమైనదా, ఉచితంగా చెయ్యాలన్న ఉద్దేశం లేకుండా చేశాడా, అవతలివాళ్ళు ఆ లాభం అనుభవించారా. షెడ్డు వాడుకుంటున్నంత కాలం "మాకు తెలీదు" అనడానికి లేదు. వద్దనుకుంటే ఆ రోజే తీసుకుపొమ్మనాలి. అలాగని నోటిమాట మీద పనులు చెయ్యమని నేను చెబుతున్నానని వెళ్ళి చెప్పకండి! అది గెలిచేటప్పటికి మీ అబ్బాయి కాంట్రాక్టరవుతాడు.

సరే, క్రిమినల్ వైపు వద్దాం.

క్రిమినల్ కోర్టు అసలు పని శిక్షించడం. ఫిర్యాదుదారుకి సొమ్ము ఇప్పించడం దాని రెండో పని, ఆ రెండో పని గుర్తుచేసేవాడు లేకపోతే జరగదు. 2024 జూలై 1 నుంచి పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడు పోయి భారతీయ నాగరిక్ సురక్షా సంహిత వచ్చింది. సెక్షన్ల నంబర్లు మారాయి, సంగతులు చాలావరకు పాతవే. కొత్త నంబర్లు మాకే ఇంకా నోటికి రావడం లేదు, మీరు కంగారుపడకండి.

స్టేషను ఆవరణలో బళ్ళు చూసే ఉంటారు. దొంగిలించిన మోటారు సైకిలు దొరుకుతుంది, పోలీసులు తెచ్చి వరసలో పెడతారు. నాకు తెలిసిన ఒక కుర్రాడి బండి అలాగే ఉండేది. పెట్రోలు ట్యాంకు మీద సుద్దతో కేసు నంబరు, సీటు రెగ్జిన్ చిరిగి లోపలి స్పాంజి బయటికి వచ్చి, చక్రాల మధ్య నుంచి తీగ పాకి. వాళ్ళ నాన్న సంతకి వచ్చినప్పుడల్లా స్టేషనుకి వెళ్ళి "ఎప్పుడిస్తారు సారూ" అని అడిగి వచ్చేవాడు. కేసు అయ్యాక అన్నారట. ఆయన అలాగే నమ్మి వెళ్ళిపోయేవాడు. నోటితో అడిగితే స్టేషనులో ఎవరూ ఇవ్వరు, ఇవ్వకూడదు కూడా. మేజిస్ట్రేటు కోర్టులో ఒక పిటిషను పడాలి. మన ఒడిశా కోర్టుల్లో దాన్ని జిమా పిటిషను అంటాం, కేసు తేలేదాకా వస్తువుని నా సంరక్షణలో ఉంచమని అడగడం. ఆర్సీ బుక్కు, ఇన్సూరెన్సు, ఆధారు కాపీలు పెట్టి, ఒక పూచీదారుని చూపించి, జిమానామా అనే హామీపత్రం రాసిస్తే బండి ఇస్తారు. అమ్మనని, రంగు మార్చనని, పిలిచినప్పుడు తెచ్చి చూపిస్తానని అందులో రాసివ్వాలి. అంతే. సుందర్‌భాయ్ అంబాలాల్ దేశాయ్ కేసులో సుప్రీంకోర్టు 2002లోనే చెప్పింది, బళ్ళు స్టేషన్లలో ఏళ్ళ తరబడి పడేసి ఉంచడం వల్ల ఎవరికీ ప్రయోజనం లేదు, ఫొటోలు తీసి పంచనామా రాసుకుని సొంతదారుకి ఇచ్చెయ్యండని. సాక్ష్యానికి ఆ ఫొటోలు చాలు. కొత్త చట్టం 497వ సెక్షను ఇంకో అడుగు ముందుకేసింది. వస్తువు కోర్టు ముందుకి వచ్చిన 14 రోజుల్లో దాని వివరాల జాబితా, ఫొటోలు, వీడియో. ఆ తర్వాత 30 రోజుల్లో దాన్ని ఏం చెయ్యాలో ఉత్తర్వు. కాగితం మీద బాగుంది. ఆ కాగితం కదలాలంటే మీ పిటిషను ఉండాలి.

బంగారం సంగతి వేరు. దొంగ గొలుసు తీసుకెళ్ళి సేఠ్ దగ్గర పెడతాడు, లేదా కరిగించేస్తాడు. పోలీసులు షాపు నుంచి గడ్డ పట్టుకొస్తారు. ఆ గడ్డ నీదేనని ఎలా చెబుతావు? అందుకే కొన్న రసీదు, బరువు రాసిన చీటీ, మెడలో గొలుసుతో ఉన్న పెళ్ళి ఫొటో, ఏదో ఒకటి దాచుకోమంటాను. వస్తువు రూపం మారినా, అమ్మి ఇంకేదైనా కొన్నా, ఆ కొత్త వస్తువు మీద కూడా ఉత్తర్వు ఇచ్చే అధికారం కోర్టుకి ఉంది. మరి షాపు ఆయన డబ్బు పెట్టి కొన్నాడు కదా? దొంగసొత్తని తెలియకుండా కొని ఉంటే, దొంగని అరెస్టు చేసినప్పుడు వాడి జేబులో దొరికిన డబ్బులోంచి ఇప్పించమని అడగొచ్చు, 499వ సెక్షను. ఆ పాటికి వాడి జేబులో ఏముంటుందో మీకూ తెలుసు. గొలుసు మాత్రం అసలు సొంతదారుకే. తనది కానిదాన్ని దొంగ అమ్మితే కొన్నవాడికి హక్కు రాదు.

ఇక శిక్ష పడే రోజు. "శిక్ష మీద వాదనలు" అని ఒక వాయిదా ఉంటుంది. ఆ వాయిదాకి మన ఫిర్యాదుదారు రాడు. గెలిచామన్న కబురు ఫోనులో తెలిసిపోయింది కదా అని ఇంట్లో ఉంటాడు. పోగొట్టుకునేది అక్కడే. 395వ సెక్షను కింద, జరిమానా వేస్తే అందులోంచి బాధితుడికి ఇవ్వమనొచ్చు. జరిమానా వెయ్యకపోతే ఇంకా మంచిది, పరిహారం ఎంతైనా ఇప్పించొచ్చు. మొదటి తరగతి మేజిస్ట్రేటు జరిమానాకి 50,000 రూపాయల హద్దుంది గానీ, ఈ పరిహారానికి ఆ హద్దు లేదు. ముద్దాయి స్తోమత చూసి వేస్తారు. 1988లో హరిసింగ్ కేసులో ఈ అధికారాన్ని ధారాళంగా వాడమని సుప్రీంకోర్టు కింది కోర్టులకి చెప్పింది. ఎవరూ పెద్దగా వాడలేదు. 2013లో మహారాష్ట్ర నుంచి వచ్చిన అంకుశ్ శివాజీ గైక్వాడ్ కేసులో ఇంకాస్త గట్టిగా చెప్పాల్సి వచ్చింది. ప్రతి కేసులోనూ పరిహారం గురించి ఆలోచించి తీరాలి, ఇచ్చినా ఇవ్వకపోయినా కారణం రాయాలి అని. కాబట్టి ఆ రోజున ప్రభుత్వ ప్లీడరు గారి దగ్గరికి వెళ్ళి ఆస్పత్రి బిల్లులు, పోయిన కూలీ లెక్క ఆయన చేతిలో పెట్టండి. కోర్టు అనుమతితో మీ సొంత లాయరు కూడా ఆయనకి సాయంగా ఉండొచ్చు. ఇక్కడ వచ్చింది తర్వాత మీరు సివిల్ దావా వేస్తే అక్కడ లెక్కలో తగ్గిస్తారు, అంతేగానీ దావా దారి మూసుకుపోదు. ముద్దాయి విడుదలైపోయినా సివిల్ దారి తెరిచే ఉంటుంది, అక్కడ రుజువుకి కావలసిన బరువు తక్కువ.

ముద్దాయి దొరకలేదు, ఎవరో తెలియదు, అప్పుడు? 396వ సెక్షను. జిల్లా న్యాయసేవాధికార సంస్థకి మీరే దరఖాస్తు పెట్టుకోవచ్చు. రెండు నెలల్లో విచారణ ముగించాలి. ఆ డబ్బు ప్రభుత్వ పథకం నుంచి వస్తుంది.

చెల్లని చెక్కుల కేసులు ఈ బజారులో ఎవరికి చెప్పాలి, అందరూ ప్రొఫెసర్లే. చెక్కు సొమ్ముకి రెట్టింపు దాకా జరిమానా. 2018 సవరణ తర్వాత కేసు నడుస్తుండగానే 20 శాతం దాకా మధ్యంతరంగా ఇప్పించొచ్చు, శిక్ష పడి అప్పీలుకి వెళ్ళినవాణ్ణి కనీసం 20 శాతం కట్టమనొచ్చు. రెండోది అడగడం చాలామంది మరిచిపోతున్నారు.

డిపాజిట్ కంపెనీల్లో పోగొట్టుకున్నవాళ్ళు ఈ హాల్లోనే ఉన్నారు, పేర్లొద్దు. ఒడిశాలో డిపాజిటర్ల రక్షణ చట్టం 2011లో వచ్చింది, ఆంధ్రలో 1999లోనే ఉంది. కంపెనీ ఆస్తులు జప్తు చేసి అమ్మి, డిపాజిటర్లకి వాటా ప్రకారం పంచాలి. కొత్త సంహితలో 107వ సెక్షను కూడా అలాంటిదే. నేరం వల్ల వచ్చిన ఆస్తి అని కోర్టు తేలిస్తే, జిల్లా మేజిస్ట్రేటు 60 రోజుల్లో బాధితులకి పంచాలని రాశారు. మంచిదే. నాకు ఒక అనుమానం ఉంది, చెప్పేస్తాను. ముద్దాయి నేరం చేశాడని తేలకముందే ఆస్తి పంచేస్తే, రేపు అతను నిర్దోషి అని తేలితే 144 లాంటి దారి అతనికి ఏది? పంచినదాన్ని వందల మంది దగ్గర నుంచి ఎవరు వసూలు చేస్తారు? దీనికి పైకోర్టులు జవాబు చెప్పాలి. మీరు మాత్రం అసలు బాండ్లు ఏజెంటు చేతికి ఇవ్వకండి, జిరాక్సులే ఇవ్వండి.

ప్రభుత్వమే తప్పు చేస్తే? ఊరికే అరెస్టు చేయించినవాడి చేత పరిహారం ఇప్పించడానికి 399వ సెక్షను ఉంది, హద్దు వెయ్యి రూపాయలు. ఇక్కడి నుంచి విజయనగరానికి కారు మాట్లాడుకుంటే చాలవు. కానీ మన రాష్ట్రంలోనే ఒక తల్లి ఆ దారిలో వెళ్ళలేదు. సుందర్‌గఢ్ జిల్లాలో 1987 డిసెంబరు 1న పోలీసులు తీసుకెళ్ళిన 22 ఏళ్ళ కొడుకు మర్నాడు రైలు పట్టాల పక్కన శవమై కనపడ్డాడు. నీలావతి బెహరా 1988లో సుప్రీంకోర్టుకి ఒక ఉత్తరం రాసింది. ఆ ఉత్తరాన్నే పిటిషనుగా తీసుకున్నారు. 1993లో లక్షన్నర ఇమ్మని ఒడిశా ప్రభుత్వాన్ని ఆదేశించారు. పోయినదాన్ని ఎవరూ తిరిగి అప్పగించలేని చోట డబ్బు మాట వస్తుంది. ఆ డబ్బుకి ప్రభుత్వం సార్వభౌమత్వం పేరు చెప్పి తప్పించుకోలేదని ఆ తీర్పు తేల్చింది. దేశమంతా లాకప్ మరణాల కేసుల్లో ఇవాళ్టికీ ఆమె పేరే చదువుతారు.

ఇంతవరకు మనకి రావలసినవి చెప్పాను, అందరూ తలలూపారు. ఇప్పుడు మనం ఇవ్వాల్సింది చెబుతాను.

రాయగడ, కోరాపుట్, మల్కన్‌గిరి, నవరంగపూర్ జిల్లాలు మొత్తం షెడ్యూల్డు ప్రాంతం, అంటే గిరిజనుల రక్షణకి ప్రత్యేక నియమాలున్న ప్రాంతం. గజపతిలో కొంత భాగం. 1956 నాటి 2వ నంబరు రెగ్యులేషను ప్రకారం కోదు, సవర లాంటి గిరిజన రైతుల భూమి అనుమతి లేకుండా గిరిజనేతరుడి చేతికి వస్తే ఆ బదిలీ చెల్లదు. 2002లో అమలుకి వచ్చిన సవరణతో ఆ అనుమతి దారి కూడా మూసేశారు. మన పెద్దవాళ్ళు పార్వతీపురం, బొబ్బిలి వైపు నుంచి ఉప్పు, బట్టలు, అప్పు పట్టుకుని ఈ కొండల్లోకి వచ్చారు. కష్టపడి పైకొచ్చారు, కాదనను. కానీ తెల్లకాగితం మీద వేలిముద్ర వేయించుకుని, అప్పు తీరేదాకా సాగు చేసుకుంటానని చెప్పి, ఆ తర్వాత వదలని భూములు ఎన్ని ఉన్నాయో ఈ హాల్లో పెద్దవాళ్ళకి నాకన్నా బాగా తెలుసు. తమ దగ్గర పనిచేసే గిరిజన పాలికాపు పేరు మీద కొని తాము పండించుకునేవాళ్ళూ ఉన్నారు. "50 ఏళ్ళుగా మేమే సాగు చేస్తున్నాం, అనుభవం మాది" అంటారు. ఒడిశా నుంచే వెళ్ళిన కేసు, అమరేంద్ర ప్రతాప్ సింగ్, 2004. ఎన్నేళ్ళు సాగు చేసినా గిరిజనుడి భూమి మీద అనుభవ హక్కు పుట్టదని సుప్రీంకోర్టు చెప్పేసింది. సబ్ కలెక్టరు దరఖాస్తు వచ్చినా, తనంతట తానుగానైనా, విచారించి అసలు రైతుకో వారసులకో అప్పగించొచ్చు.

మహారాష్ట్ర సరిహద్దు కథ ఇంకా ఆసక్తికరం. 1957 ఏప్రిల్ 1 నుంచి 1974 జూలై 6 మధ్య గిరిజనుల నుంచి చేతులు మారిన భూముల్ని తిరిగి ఇప్పించడానికి అక్కడ చట్టం చేశారు. అప్పటి నిబంధనల ప్రకారం సక్రమంగా కొన్నవి కూడా అందులో ఉన్నాయి! శిస్తుకి 48 రెట్లు, బాగుచేసిన ఖర్చు కలిపి కొన్నవాడికి ఇవ్వాలి, భూమి వెనక్కి పోవాలి. సుప్రీంకోర్టుకి వెళ్ళారు. ఆ కేసు పేరు లింగప్ప పోచన్న అప్పీల్వార్. పోచన్న అన్న పేరు ఎటువైపుదో నేను చెప్పక్కర్లేదు. (నవ్వులు) చట్టం చెల్లుతుందన్నారు. కొన్నప్పుడు తప్పు లేకపోయినా, అమ్మినవాడు ఏ గతిలో అమ్మాడో శాసనసభ చూడొచ్చంది కోర్టు. నా కొట్టు నాకు 144 కింద రావాలంటే చప్పట్లు కొట్టే మనం, ఈ మాటకి మాత్రం కుర్చీల్లో కదులుతున్నాం. రెంటికీ లెక్క ఒకటే.

ఇక ప్రశ్నలు అడగండి.

(ఒక యువకుడు: ఫోన్‌పేలో ఒక అంకె తప్పుపోయి వేరేవాళ్ళకి డబ్బు వెళ్ళింది. ఫోను ఎత్తడం లేదు.)

పొరపాటున వచ్చిన డబ్బు తిరిగివ్వాలని కాంట్రాక్టు చట్టం 72వ సెక్షను. ముందు యాప్‌లోనూ బ్యాంకులోనూ ఫిర్యాదు పెట్టి నంబరు తీసుకో బాబూ. తెలిసి కూడా ఉంచేసుకుని వాడుకుంటే నేరాలు, శిక్షలు చెప్పే భారతీయ న్యాయ సంహిత 314 కింద నేరం కూడా అవుతుంది. లాయరు నోటీసులో ఈ రెండు సెక్షన్లూ రాస్తే చాలామంది ఫోను ఎత్తుతారు. ఎవరో మోసం చేసి లాగేస్తే అది వేరు, అప్పుడు వెంటనే 1930కి ఫోను చెయ్యి. గంట ఆలస్యమైతే డబ్బు ఇంకో నాలుగు ఖాతాలు దాటిపోతుంది. ఖాతాలో ఆపించిన డబ్బుని మళ్ళీ కోర్టు ఉత్తర్వుతోనే విడిపించుకోవాలి, బండికి వేసినట్టే పిటిషను.

(ఒక పెద్దాయన: గిరిజనుడి భూమికి మా నాన్నగారు డబ్బు ఇచ్చారండీ, ఊరికే తీసుకోలేదు. భూమి ఇచ్చేస్తే ఆ డబ్బెవరిస్తారు?)

అడిగినందుకు సంతోషం, అందరి మనసులో ఉన్నదే మీరు అడిగారు. కాంట్రాక్టు చట్టం 65వ సెక్షను ఉంది, ఒప్పందం చెల్లదని తర్వాత తెలిస్తే తీసుకున్నది తిరిగివ్వాలని. కానీ "తర్వాత తెలిస్తే" అన్న మాట ఉంది చూడండి. 1974లో కుజు కాలరీస్ కేసులో చెప్పారు, మొదటి నుంచీ చట్టవిరుద్ధమని తెలిసి చేసుకున్న ఒప్పందానికి ఆ సెక్షను సాయం చెయ్యదని. ఇక్కడ వ్యాపారం చేస్తూ ఈ రెగ్యులేషను తెలియదంటే ఏ జడ్జీ నమ్మడు. పైగా అన్నేళ్ళ పంట మీరు తిన్నారు, ఆ లెక్క వాళ్ళు అడిగితే మీరే బాకీ పడతారేమో. నన్నడిగితే డబ్బు మాట ఎత్తకుండా భూమి ఇచ్చెయ్యడమే చవక.

(వెనక నుంచి ఒకామె: మాకు ఒడియా చదవడం రాదు, లాయరుకి ఇచ్చే స్తోమతా లేదు.)

అమ్మా, ఆడవాళ్ళకి ఆదాయంతో పని లేకుండా ఉచిత లాయరు దొరుకుతాడు, 1987 నాటి న్యాయసేవాధికార సంస్థల చట్టం 12వ సెక్షను. ఎస్సీ, ఎస్టీలకీ అంతే. కోర్టు ఆవరణలోనే న్యాయసేవాధికార సంస్థ ఆఫీసు ఉంటుంది, 15100కి ఫోను చేసినా చెబుతారు. తెలుగు వచ్చిన లాయరునే ఇమ్మని అడగండి, మన బార్‌లో ఉన్నారు. మీ కేసు రాజీకి వీలున్నదైతే లోక్ అదాలత్‌లో పెట్టమని కూడా అడగండి, కట్టిన కోర్టు ఫీజు వెనక్కి వస్తుంది. సమన్లు ఒడియాలో వచ్చిందా? సోమవారం ఆ కాగితం, కవరుతో సహా పట్టుకురండి, కవరు మీద తేదీ ముద్ర కావాలి.